రేటుగారి ఎర్రచుక్కలు

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, అది జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. రేవులో మూటలు మోసేవాళ్ళ దగ్గర్నుంచి కోర్టు బంట్రోతు దాకా అందరికీ ఆయన రేటుగారే. ఖజానా ఆఫీసు మేడ మెట్లెక్కగానే ఎడమచేతి వైపు గది. అందులో ఒక బల్ల, చక్రం తిప్పే నల్ల టెలిఫోను, జానెడు మందం రిజిస్టరు, తలుపు పక్కన గోడకి ఒక నల్లబల్ల. పక్కపక్కన రెండు దీవులు, రెండిట్లోనూ డబ్బుని బిళ్ళలనే అంటారు. అవతలి దీవి బిళ్ళ ఒకటికి ఇవతలి బిళ్ళలు ఎన్ని వస్తాయో రోజూ కనుక్కోవడం, రిజిస్టరులో రాయడం, నల్లబల్ల మీదికి ఎక్కించడం. ఇరవై ఆరేళ్ళు ఆయన చేసిన ఉద్యోగం అదే.

ఓస్, ఇంతేనా అనుకునేరు. రెండు దీవులూ కలిపినా ఒక పెద్ద పట్నంలో ఓ మూలకి రావు. వీటి డబ్బుని బయటి బ్యాంకులు కన్నెత్తి చూడవు, ఏ పేపరూ వీటి రేటు వెయ్యదు. ఇక్కడివాడు అక్కడికి కూలికి వెళ్ళినా, అక్కడివాడు ఇక్కడికొచ్చి చేపలు కొన్నా, ఒకరి బిళ్ళ విలువ ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సిందే. ఆ అడిగే నోరు ఇవతల రేటుగారిది. చెప్పే నోరు అవతలి ఖజానాలో పనిచేసే ఒకావిడది.

పొద్దున సరిగ్గా పది గంటలకి రేటుగారు ఫోను తిప్పేవాడు. సముద్రం అడుగున పరిచిన పాత తీగ అది. అందులోంచి వచ్చే గొంతు నీళ్ళ బానలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుండేది. అందుకని వాళ్ళిద్దరూ మొదటి ఏడాదే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆవిడ అంకెలు వరసగా, మొదటిది బిళ్ళలు, తరవాతి రెండూ పైసలుగా చెబితే, ఈయన వాటిని వెనక నుంచి ముందుకి తిరగేసి చదవాలి. తిరగేసింది సరిపోయిందని ఆవిడ అన్నాకే కలం సిరాలో ముంచాలి.

"రెండు తొమ్మిది ఆరు," అనేది ఆవిడ.

"ఆరు తొమ్మిది రెండు," అనేవాడు ఈయన.

"సరిపోయింది అన్నయ్యగారూ. ఉంటాను."

"మంచిదమ్మా."

ఇరవై ఆరేళ్ళలో వాళ్ళ మాటలు ఇంతకు మించి పెద్దగా సాగింది లేదు. ఆవిడకి పెళ్ళయిందో లేదో, పొట్టో పొడుగో రేటుగారికి తెలియదు. జలుబు చేస్తే మాత్రం తెలిసేది. "వేడినీళ్ళు తాగమ్మా" అని ఒక మాట ఎక్కువ అనేవాడు.

లైను కలవని రోజులూ ఉండేవి. అలాంటి రోజుకి, అంతకు ముందు రోజు రేటే మళ్ళీ రాసి, దాని నెత్తిన ఎర్రసిరాతో ఒక చుక్క పెట్టేవాడు. ఇది విన్నది కాదు, నిన్నటిది తెచ్చి రాసింది అని ఆ చుక్కకి అర్థం. ఎప్పుడైనా తగాదా వస్తే, చుక్కకి ముందు విన్న రేటూ తరవాత విన్న రేటూ కలిపి సగం చెయ్యాలని ఆఫీసు నిబంధన. వినకుండానే విన్నట్టు రాసిన అంకె ఆ రిజిస్టరులో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆయన ఆస్తీ అదే, పొగరూ అదే. భార్య పెళ్ళయిన నాలుగో ఏట పోయింది. పిల్లల్లేరు. ఉండేది సర్కారువారి క్వార్టరు. ఇంకేం చూసుకుని గర్వపడతాడు పాపం?

సాయంత్రం ఆఫీసు వదలగానే అక్క ఇంటికి వెళ్ళి, అక్కడే భోంచేసి క్వార్టరుకి చేరేవాడు. అక్క బజారు మలుపులో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని పరదాలకీ దుప్పట్లకీ అంచులు కుట్టేది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది తనే. చదువుకుంటానని తను ఎన్నడూ అనలేదు, అననివ్వలేదు కూడా ఎవరూ. కూడికలూ తీసివేతలూ వస్తే తమ్ముణ్ణే అడిగేది. ఆవిడ మొగుడు, అంటే రేటుగారి బావ, సెంట్రింగ్ మేస్త్రీ. శ్లాబు వేసే ముందు దాని కింద చెక్కలూ గుంజలూ నిలబెట్టే పని. చేతులు మొరటు, నోరు సరసం. బావమరిదిని ఏడిపించకపోతే ఆయనకి ముద్ద దిగేది కాదు.

"ఏమోయ్ రేటూ, ఇవాళ మీ అక్క ఎంత పలుకుతోంది?"

"నోర్మూసుకుని తినండి," అనేది అక్క లోపల్నుంచి.

"చూశావా? మళ్ళీ పెరిగింది. మనలాంటివాళ్ళకి అందదురా ఇక."

ఆ ఏడు ఇవతల పనులన్నీ పడకేశాయి. కట్టించేవాడు లేడు, కట్టేవాడికి కూలి లేదు. బావ రెండు నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. అక్క మిషను మీదే ఇల్లు నడిచింది. అది బావకి మింగుడు పడలేదు. అంతలో అవతలి దీవి రేవులో పెద్ద గోదాము కడుతున్నారనీ, సెంట్రింగ్ మేస్త్రీలు కావాలనీ కబురొచ్చింది. వెళ్ళాలని ఆయనకి లేదు. యాభై దాటిన మనిషి, ఎడమ మోకాలు నొప్పి, పడవ ఎక్కితే వాంతులు. ఒక సాయంత్రం చెయ్యి కడుక్కుంటూ బావమరిదిని సూటిగా అడిగాడు.

"నువ్వు చెప్పరా. వెళ్ళనా, మాననా? ఆ బిళ్ళ సంగతి నీకంటే తెలిసినవాడు ఈ దీవిలో ఎవడున్నాడు?"

రేటుగారికి రిజిస్టరు తెరవాల్సిన పని లేదు, అంతా నోటికే వచ్చు. పదేళ్ళ కిందట అవతలి బిళ్ళకి మనవి ఒకటిన్నర. ఆరేళ్ళ కిందట రెండు. ఇప్పుడు ఎనిమిది నెలలుగా ఇటూ అటూ కదలకుండా మూడు. చరిత్ర చూస్తే ఎక్కడమే గానీ దిగడం లేదు.

"అక్కడ ఒక నెల చేస్తే ఇక్కడ మూడు నెలలు చేసినట్టు బావా," అన్నాడు. "మూడు గట్టి రేటు. నా మాట మీద వెళ్ళు."

బావ వెళ్ళాడు. పడవ ఎక్కుతూ కూడా, "మూడు తగ్గిందో, వచ్చి నీ వీపు చీరేస్తాను" అని నవ్వించాడు. అక్క నవ్వలేదు. ఆయన మోకాలికి కట్టుకోవడానికి తెచ్చిన గుడ్డపట్టీ సంచీలో పెట్టానో లేదోనని తడిమి చూసుకుంటోంది.

అయిదు నెలలు డబ్బు వేళకి వచ్చింది. ఆరో నెలలో గాలివాన వచ్చింది.

ముందురోజు నుంచే గాలి మొదలైంది. మర్నాడు పొద్దున రేటుగారు ఆఫీసుకి వచ్చి పదింటికి ఫోను ఎత్తితే అది మూగబోయి ఉంది. ఇవతలి గట్టున స్తంభాలు అప్పటికే ఒరిగిపోయాయని తరవాత తెలిసింది. పది సార్లు తిప్పి చూశాడు. చివరికి నిన్నటి మూడునే రాసి, ఎర్రచుక్క పెట్టి, కిటికీ రెక్కలు బిగించి ఇంటికొచ్చేశాడు. మధ్యాహ్నానికి వాన విరుచుకుపడింది. ఆ తరవాత ఇంకో మూడు రోజులు ఊరు తలుపులు తియ్యలేదు. ఆ మూడు రోజులకీ మూడు చుక్కలు.

తరవాతి పొద్దున లైను కలిసింది.

"రెండు సున్నా సున్నా," అంది ఆవిడ.

"సున్నా సున్నా..." ఆగిపోయాడు. "రెండేమిటమ్మా?"

"తగ్గించేశారు అన్నయ్యగారూ. వాన వచ్చిన రోజు పొద్దున్నే మా సర్కారువాళ్ళు బిళ్ళ విలువ కోసేశారు." కాగితం తిప్పిన చప్పుడైంది. "ఇంకో సంగతి. ఆ రోజే మధ్యాహ్నం రేవు గోదాము శ్లాబు కూలింది. కింద ఉన్నది మీ వైపు వాళ్ళే. పదకొండుమంది. పేర్లు మీకు చెప్పమన్నారు. చదవనా?"

"చదవమ్మా."

ఆవిడ చదివింది. ఏడో పేరు దగ్గర రేటుగారు మళ్ళీ చెప్పమన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది, నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి. మిగతా నాలుగు పేర్లూ కూడా ఆయన రాసుకున్నాడు.

అక్కకి కబురు తనే చెప్పాడు. చెప్పడమేముంది, గుమ్మంలో నిలబడ్డాడు. అక్క మిషను ఆపి, తమ్ముడి మొహం చూసి, "ఎప్పుడు?" అంది. చాలాసేపు ఏడవలేదు. ఏడిచాక ఒక మాట అంది.

"వెళ్ళనన్నాడురా. మోకాలు నొప్పన్నాడు."

తమ్ముణ్ణి నిందించాలని అన్న మాట కాదది. మొగుణ్ణి తలుచుకుని అన్నది. అయినా రేటుగారి గుండెల్లో మేకులా దిగింది, దిగి అక్కడే ఉండిపోయింది.

ఒప్పందం కాగితంలో రాసి ఉంది: పని మీద ప్రాణం పోతే ఇంటివాళ్ళకి నాలుగు వేల అవతలి బిళ్ళలు, పోయిన రోజున ఇవతలి ఖజానా రిజిస్టరులో ఉన్న రేటు చొప్పున వాటిని ఇవతలి బిళ్ళల్లోకి మార్చి ఇవ్వాలి. ఇవ్వాలి అని రాసుకోవడం తేలికే. కంపెనీ ఇవాళ రేపు అంటూ ఒక ఏడాది తిప్పింది, దొర ఊళ్ళో లేడని ఇంకో ఏడాది తిప్పింది. విసిగిపోయి పదకొండు ఇళ్ళవాళ్ళూ ఒక్కటై కోర్టుకెక్కారు.

ఈలోగా ఖజానావాళ్ళకి ఒక ముచ్చట పుట్టింది. రెండు బిళ్ళల పాత రేట్లన్నీ మొదటి రోజు నుంచి ఒక పుస్తకంగా అచ్చేయించాలని. రేటుగారు చంకలో రిజిస్టరు పెట్టుకుని పసిపిల్లని తీసుకెళ్ళినట్టు అచ్చాఫీసుకి తీసుకెళ్ళాడు. పుస్తకం వచ్చింది. అట్ట బ్రహ్మాండంగా ఉంది. లోపల చుక్క అన్నది ఒక్కటి లేదు.

"చుక్కలేవయ్యా?" అని అచ్చాఫీసుకి పరుగెత్తాడు.

అక్షరాలు కూర్చే ఆయన తాపీగా, "ఈగలు వాలాయనుకున్నాం సార్. శుభ్రం చేశాం," అన్నాడు.

రేటుగారు పై అధికారికి మూడు పేజీల ఉత్తరం రాశాడు. ఆయన చదివి, "చుక్కల కోసం మళ్ళీ అచ్చెవరు వేస్తారండీ, వెళ్ళి పని చూసుకోండి," అన్నాడు. విన్న రోజుకీ వినని రోజుకీ తేడా లేకుండా పోయిందని రేటుగారు నెలరోజులు సరిగ్గా తినలేదు. అచ్చులో ఉన్న తన అంకెల్ని తనే చూడలేక సిగ్గుపడ్డాడు. నమ్మండి నమ్మకపొండి, అప్పటికి ఆయన అలాంటి మనిషి.

ఆ పుస్తకం పదకొండు ఇళ్ళవాళ్ళ తరఫు ప్లీడరు కంటపడింది. గోదాము కూలిన రోజుకి ఎదురుగా మూడు, నిక్షేపంలాంటి మూడు. ప్లీడరు ఎగిరి గంతేసి ఒక్కో ఇంటికీ పన్నెండు వేలు అడిగాడు. కంపెనీ ప్లీడరు ఊరుకుంటాడా? "ఆ పొద్దున్నే రేటు రెండుకి పడింది. ఎనిమిది వేలకి మించి పైసా ఇవ్వం. అచ్చు పుస్తకాలు మాకొద్దు, అసలు రిజిస్టరు తెప్పించండి, రాసిన మనిషిని పిలిపించండి" అని కూర్చున్నాడు. జడ్జీగారు వచ్చే గురువారానికి వాయిదా వేసి రేటుగారికి సమన్లు పంపించారు.

ఉన్నది ఉన్నట్టు చెబితే ఏమవుతుందో రేటుగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. చుక్క ఉంది కాబట్టి నిబంధన ప్రకారం సగం చేస్తారు. ముందు విన్నది మూడు, తరవాత విన్నది రెండు. రెండున్నర. అంటే ఇంటికి పదివేలు.

పదివేలంటే అక్కకి ఇల్లు. ఆ రెండు గదుల యజమాని ఇంటిని అమ్మకానికి పెట్టి ఏడాదవుతోంది. "ఇన్నేళ్ళు ఉన్నావు కాబట్టి పదివేలకి నీకే ఇస్తానమ్మా. కేసు తేలేదాకా ఆగుతాను. తేలాక ఒక్క రోజు కూడా ఆగను," అని తెగేసి చెప్పాడు. ఆ ఇల్లు పోతే బజారు మలుపు పోతుంది. మలుపు పోతే దారినపోయే గిరాకీ పోతుంది. ఇక మిషను ముందు ఎంతసేపు కూర్చున్నా ఏం లాభం?

సోమవారం సాయంత్రం అక్క తనే కదిపింది.

"పది వస్తుందిగా?"

"పన్నెండు రావాలక్కా."

"ఎందుకు రావాలి?"

రేటుగారు కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. "బావకి మూడు అని చెప్పి పంపాను."

అక్క మిషను చక్రం మీద చెయ్యి ఆనించి తమ్ముడి వైపు తిరిగింది. "ఆ మనిషే లేడు. నీ మూడు ఇప్పుడు ఎవరిక్కావాలిరా? పది వస్తే ఇల్లు నిలబడుతుంది, నేను నిలబడతాను. ఉన్నది చెప్పేసి రా. వెర్రివేషాలు వెయ్యకు, నా మాట విను."

"రెండు వేలు ఎక్కువొస్తే నీకు నాలుగేళ్ళ ఖర్చు వెళ్ళిపోతుంది కదా."

"నాకొద్దన్నానా లేదా?"

విని ఉంటే ఎంత బాగుండేది! చెవికెక్కితే కదా. మూడేళ్ళుగా ఆయన్ని లోపల్నుంచి తొలిచేస్తున్నది ఒక్క మాటే. నా మాట మీద వెళ్ళు. ఆ మాట వెనక్కి తీసుకోలేడు. బావని వెనక్కి తేలేడు. ఆ మూడునైనా నిలబెడితే కాస్త ఊపిరాడుతుందని ఆశ. అక్క కోసం అనుకున్నాడు గానీ, అందులో సగం తన కోసమే.

మంగళవారం మధ్యాహ్నం ఆఫీసంతా భోజనాలకి దిగింది. రేటుగారు గది తలుపు దగ్గరగా వేసి, రిజిస్టరు తెరిచి, జేబులోంచి సగానికి విరిచిన బ్లేడు తీశాడు. చుక్క ఆవగింజంత కూడా లేదు. గీకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఎర్రటి పొడిని ఊపిరితో ఊదేసి, లేచిన కాగితం పీచుని గోటితో నున్నగా అణిచాడు. తరవాతి మూడు రోజుల చుక్కల జోలికి పోలేదు. తెలివిగానే చేశాననుకున్నాడు. వాన వచ్చింది మధ్యాహ్నం. పొద్దున పదింటికి లైను ఉందంటే ఎవరు కాదంటారు? స్తంభం ఎన్ని గంటలకి ఒరిగిందో గడియారం పెట్టుకుని చూసినవాడెవడు? ఇలా అన్నీ ఆలోచించుకుని చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

అన్నీ ఆలోచించిన మనిషికి ఒక్కటి తట్టలేదు. తనకి రిజిస్టరు ఉన్నట్టే అవతలి ఆవిడకీ ఒకటి ఉంటుందని. ఎలా తట్టలేదు అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. ఆవిడ ఆయనకి ఇరవై ఆరేళ్ళుగా ఒక గొంతు, అంతే. గొంతుకి బల్లా కుర్చీ, సిరాబుడ్డీ ఉంటాయని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

గురువారం కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. పదకొండు ఇళ్ళవాళ్ళు ముందు వరసల్లో ఒద్దికగా కూర్చున్నారు. వాళ్ళలో అక్క చివర్న, గోడవైపు. రేటుగారు బోనెక్కి ప్రమాణం చేశాడు. కంపెనీ ప్లీడరు మహా మర్యాదగా మొదలుపెట్టాడు.

"ఆ రోజు పదింటికి ఫోను చేశారా?"

"చేశానండి."

"లైను కలిసిందా?"

"కలిసిందండి."

గోడవైపు అక్క తల దించుకోవడం ఆయనకి కనపడింది.

"ఏం విన్నారు?"

"మూడు సున్నా సున్నా."

"తిరగేసి చదివారా?"

తిరగేసి చదివే సంగతి ప్రపంచం మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఈ ప్లీడరుకెవరు చెప్పారు? అయినా ఇక వెనక్కి పోయే దారి లేదు. "చదివానండి," అన్నాడు.

"చాలు. మాకు ఇంకో సాక్షి ఉన్నారు."

బయట కూర్చోబెట్టిన ఒకావిడని బంట్రోతు లోపలికి తీసుకొచ్చాడు. పొట్టి మనిషి. దళసరి కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు, చేతిలో గుడ్డ చుట్టిన రిజిస్టరు. ఎవరో అనుకున్నాడు రేటుగారు. ఆవిడ ప్రమాణం చెయ్యడానికి నోరు తెరిచేసరికి ఆయనకి తెలిసిపోయింది. నీళ్ళ హోరు లేకుండా ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

"మా ఆఫీసుకి తొమ్మిదింటికి కాగితం వచ్చిందండి, ఇవాళ్టి నుంచి రేటు రెండు అని," అంది ఆవిడ. "పదింటికి వాళ్ళకి చెప్పాలి కదా అని ఫోను పక్కనే కూర్చున్నాను. రాలేదు. పన్నెండు దాకా కూర్చున్నాను." గుడ్డ విప్పి రిజిస్టరు తెరిచి చూపించింది. ప్రతి రోజుకీ ఫోను వచ్చిన వేళ రాసి ఉంది. ఆ రోజుకి ఎదురుగా ఒకటే మాట: రాలేదు.

"వీరేమో మూడు అని విన్నామంటున్నారు."

ఆవిడ తలతిప్పి బోను పక్కన నిలబడ్డ మనిషిని చూసింది. ఎవరో అర్థమైంది.

"ఇరవై ఆరేళ్ళలో ఆయన ఒక్క అంకె తప్పు చదవలేదండి," అంది. తరవాత మెల్లిగా, "కానీ ఆ రోజు ఫోను రాలేదు," అంది.

ఆ మొదటి మాటే రేటుగారిని ఎక్కువ కోసింది. తిట్టినా భరించేవాడు. ప్లీడరు ఇవతలి రిజిస్టరు అందుకుని, ఆ పేజీని కిటికీ వెలుగుకి ఎత్తి జడ్జీగారికి చూపించాడు. మూడు అంకె నెత్తిన కాగితం పలచబడి, అక్కడ్నుంచి వెలుగు పడుతోంది. జడ్జీగారు కళ్ళద్దాలు సర్దుకుని వేలితో తడిమి చూశారు.

"ఇక్కడ ఏముండేది?"

మూడోసారి అడిగాక రేటుగారు, "చుక్కండి," అన్నాడు.

"ఇది గీకారు. మిగతా ఇరవై ఆరేళ్ళలో ఎన్ని గీకారో నాకెలా తెలుస్తుంది?"

"ఇంకొక్కటి లేదండి. మా బావ మీద ఒట్టు."

వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. చచ్చినవాడి మీద ఒట్టేస్తున్నాడేమిట్రా అని పక్కవాడు గొణిగాడు.

మధ్యాహ్నానికి తీర్పు వచ్చేసింది. ఇవతలి రిజిస్టరు మొత్తం నమ్మదగింది కాదు, సాక్ష్యానికి పనికిరాదు. దానితో పాటే చుక్కలూ, సగం నిబంధనా కొట్టుకుపోయాయి. నమ్మదగ్గ రిజిస్టరు ఒక్కటే మిగిలింది, అవతలిది. అందులో ఆ రోజు రేటు రెండు. ఇంటికి ఎనిమిది వేలు. చుక్క తన మానాన తను ఉండి ఉంటే పదివేలు వచ్చేవి. ఒక్కో ఇంటికి రెండు వేలు చొప్పున పదకొండు ఇళ్ళవాళ్ళ డబ్బు ఆ సగం బ్లేడుతో గీకేశాడు మహానుభావుడు.

కోర్టు మెట్ల మీద ఒక చిన్నవయసు ఇల్లాలు, ఆ పదకొండుమందిలో ఒకడి భార్య, ఎదురొచ్చి నిలబడింది. "మా నోటికాడ కూడు తీశావు కదయ్యా! మేమేం చేశాం నీకు?" అంది. జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

అవతలి ఆవిడ స్తంభం పక్కన కనిపెట్టుకుని ఉంది.

"అన్నయ్యగారూ, లోపల మీరేం చెప్పారో నాకు ముందుగా తెలియదు. నన్ను బయట కూర్చోబెట్టారు."

"తెలిసుంటే?"

ఆవిడ రిజిస్టరుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. మొహమాటానికి కాదు, నిజంగానే ఆలోచించింది. "తెలిసినా అదే చెప్పేదాన్నేమో," అంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"అంతేనమ్మా. పడవ వేళవుతోంది, వెళ్ళు."

వయసు చూసి జైలుకి పంపలేదు. ఉద్యోగం పీకేశారు, పింఛను ఆపేశారు, పదిహేను రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. అచ్చు పుస్తకాన్ని వెనక్కి తెప్పించి పాత కాగితాలవాడికి తూకానికి వేశారు. ఇప్పుడెవరికైనా ఆ రెండు బిళ్ళల పాత రేట్లు కావాలంటే అవతలి దీవికి ఉత్తరం రాసి తెప్పించుకోవాలి. ఇరవై ఆరేళ్ళు చెవి ఒగ్గి ఒక మనిషి విన్నదంతా విననట్టే అయిపోయింది.

నాలుగు రోజులు రేటుగారు అక్క ఇంటికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళతాడు? అయిదో రోజు అక్కే వచ్చింది. తలుపు తీసుకుని లోపలికొచ్చి, "తిన్నావా?" అంది.

"పది వచ్చేదక్కా."

"వచ్చేది."

"నువ్వు చెప్పావు కూడా."

"చెప్పాను."

"తిట్టక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను, నాలుగు తిట్టు."

"తిట్టి ఏం చేసుకోను?" అంది అక్క. తెచ్చిన గిన్నె మూత తీసి ముందు పెట్టింది. "ఎనిమిదికి ఇస్తారా అని ఇంటాయన్ని అడిగాను. కుదరదన్నాడు. మందుల షాపు పెడతామని ఎవరో వచ్చారట, వాళ్ళకి ఇచ్చేశాడు. నెలాఖరుకి వదిలెయ్యాలి. నీకూ ఇల్లు లేదు, నాకూ లేదు. ఒకటే చూసుకుందాం పద."

ఇద్దరూ తిరిగారు. బజారు దరిదాపుల్లో ఏదీ అందలేదు. చివరికి ఊరి చివర, కట్టెల అడితీ వెనక సందులో ఒక వాటా దొరికింది. ఒక గది, ఒక వంటిల్లు, గాలి రాని కిటికీ. అక్కడికి పరదాలు పట్టుకుని వచ్చేవాడెవడూ ఉండడని అక్కకి తెలుసు. అయినా మిషను ఎక్కడ పడుతుందో జానలతో కొలుచుకుంది.

ఇంటి యజమాని గడుసుపిండం. "నెలకి ముప్ఫై అయిదు. నాలుగు నెలలది ముందే ఇవ్వాలి," అన్నాడు.

"అంటే..." అని రేటుగారు అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

అక్క వెనక్కి తిరిగింది. కోపంగా కాదు, అలసిపోయినట్టు చూసింది. "నువ్వు బయట కూర్చో నాయనా. లెక్క నేను మాట్లాడుకుంటాను."

ఆయన బయటికొచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. లోపల బేరం వినపడుతూనే ఉంది. అక్క తగ్గించమంది, ఇంటాయన ససేమిరా అన్నాడు. కాసేపటికి ఆయనే, "అయితే నాలుగు నెలలకీ కలిపి నూట యాభై ఇచ్చెయ్యమ్మా, తాళం ఇచ్చేస్తాను," అన్నాడు.

"సరే," అంది అక్క.

నాలుగు ముప్ఫై అయిదులు నూట నలభై. రేటుగారు మెట్టు మీంచి సగం లేచాడు. లోపల అక్క సంచీ విప్పి, వేలు తడిచేసుకుంటూ ఒక్కో పదిబిళ్ళల నోటూ పైకే లెక్కపెడుతోంది. నూట పది, నూట ఇరవై, నూట ముప్ఫై. నూట నలభై అన్నప్పుడు ఆయన గుమ్మం పట్టుకున్నాడు. అక్క ఇంకో పది తీసి ఇచ్చేదాకా అలాగే నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.